స్వల్ప వ్యయముతో గ్రామ నారుపందిరి

జూలై మాసమున టమాటో మొక్కను పొలమున నాటవలెనన్నచో దాని విత్తనము జూన్ మొదటివారమునకే నారుమడిలో పడవలెను. ఆ దినములలో మన ఎండ యెట్టిదో పంచాయతీ సభ్యులకు మేము వర్ణించి చెప్పనక్కరలేదు. రెంటచింతల, రామగుండము వంటి తావుల వేసవిలో 45 డిగ్రీలు దాటిన దినములు వింత కావు. టమాటో మొలకకో, 35 డిగ్రీలు దాటినది మొదలు కష్టకాలమే. వెనుకటి రైతు తన పంటలోని గింజనే దాచి చేతినిండ చల్లెడివాడు. నేటి రైతు సంకరజాతి విత్తనమును గ్రాముల పొట్లములలో కొని, గింజలు లెక్కించి పోయుచున్నాడు. ఆ గింజలలో సగము మొలచియు మాడిపోయినచో, పంట పెట్టక పూర్వమే కలిగిన ఆ నష్టము ఏ లెక్కలోనికిని ఎక్కదు.

ఎండ యొక్కటియే శత్రువు కాదు. తెల్లదోమ టమాటోకు, మిరపకు ఆకుముడత వైరసును మోసికొని వచ్చును. లేతనారుకు ఆ తెగులు సోకినచో పొలమున ఎన్ని మందులు చల్లినను ఆ మొక్క కోలుకొనదు. వైరసునకు మందు లేదు. దానిని మోయు పురుగును దూరముగ నుంచుటయే మార్గము. ఇక నొక్క పెద్దవాన కురిసి మడిలో నీరు నిలిచెనా, నారుకుళ్ళు తెగులు తగిలి మొక్కలు మొదలు మెత్తబడి వరుసగా పడిపోవును.

పెద్ద రైతు పట్టణము దగ్గరి నర్సరీకి పోయి నారు కొని తెచ్చుకొనగలడు. అర యెకరము, ఎకరము గల రైతు ఇంటి దొడ్డిలోనే నారు పోసికొనుచున్నాడు, నష్టపడుచున్నాడు. గ్రామమునకంతకును ఒక చిన్న నారుపందిరి యున్నచో ఈ నష్టము చాలవరకు తప్పును. దానిని వెదురుతో, వలతో, ఊరి పనివారి చేతనే యెట్లు కట్టించవచ్చునో ఇక్కడ వివరింప దలచినాము.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. హరితగృహము అనగానే మనకు గాజుతోనో, పాలిథీన్‌తోనో కప్పిన ఇల్లు స్ఫురించును. ఆ ఇల్లు చలిదేశములలో పుట్టినది. ఎండ పారదర్శకమైన కప్పును దాటి లోనికి పోవును. నేలను, మొక్కను వేడిచేయును. వేడెక్కిన గాలి పైకి లేచిపోవుటకు దారి లేక లోపలనే నిలుచును. చలికి మొక్క చచ్చెడి చోట ఇది ప్రాణదానము. లడఖ్‌లో శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవును. అచ్చటి రైతులు మూడు ప్రక్కల దళసరి మట్టిగోడలు పెట్టి, దక్షిణపు వైపు మాత్రము పాలిథీన్ వాలుగా కప్పి, ఆ చలిలో ఆకుకూరలు పండించుచున్నారు. పగటి వేడిని మట్టిగోడలు దాచి రాత్రికి తిరిగి యిచ్చును. వారి శత్రువు చలి. మన శత్రువు వేడి. వారి ఇంటిని తెచ్చి మన ఊర కట్టినచో ఏమగునో చెప్పుట కష్టము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున కొందరు యువకులు ఉత్సాహముతో వెదురుబొంగులపై పాలిథీన్ కప్పి అట్టి ఇల్లు కట్టిరి. పుష్యమాసమున నారు చక్కగా పెరిగినది. మార్చిలో ఒక మధ్యాహ్నము మేము ఆ ఇంటిలోనికి పోయినప్పుడు నిలువలేక వెలుపలికి వచ్చినాము. నారు తలవాల్చి యున్నది. వారు ముందు ప్రక్కల పాలిథీన్ పైకి కట్టిరి, చాలలేదు. తరువాత పైన కొబ్బరిమట్టలు పరచిరి. తుదకు పాలిథీన్ అంతయు తీసివేసి తాటాకు కప్పిరి. అప్పుడది మన తాతలనాటి చలువపందిరి యైనది, నారు బ్రతికినది! ఇందులో ఆ యువకులను తప్పుపట్టుటకు లేదు. వారు చూచిన బొమ్మలలోని ఇల్లు వేరొక వాతావరణమునకు చెందినది.

మన రైతులకు నీడసేద్యము క్రొత్తది కాదు. తమలపాకు తోటలలో అవిసె చెట్లను ముందుగా పెంచి, వాని నీడలో, వాని కాండమునకే తీగను ప్రాకించుట తరతరములుగా నున్నది. అవిసె నీడ చిక్కనైనప్పుడు కొమ్మలు నరకి పలుచన చేయుదురు. ఎంత నీడ, ఎప్పుడు, అను లెక్క ఆ రైతునకు చేతిలోని విద్య. నారుపందిరి కిటుకు కూడ ఇదియే: నీడ నిచ్చుటతో పని తీరదు, దానిని తగ్గించుటకు వీలుండవలెను.

ఇక నిర్మాణము. 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు గల పందిరిని మేము సూచించుచున్నాము. ఈ కొలతకు కారణము కలదు. బజారులో నీడవల, అనగా అందరు షేడ్‌నెట్ అని పిలుచునది, సాధారణముగ 3 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు గల చుట్టగా దొరకును. పది అడుగుల వెడల్పు గల పట్టీలు మూడు ప్రక్కప్రక్కన వేసినచో సుమారు 30 అడుగులగును. 22 అడుగుల కప్పు పోగా ఇరుప్రక్కల దాదాపు నాలుగేసి అడుగులు క్రిందికి వ్రేలాడును. ఒక్కొక్క పట్టీ 48 అడుగులు కోసినచో రెండు చివరలను కూడ నాలుగేసి అడుగులు దిగును. మూడు పట్టీలకు 144 అడుగులు; చుట్టలో నున్నది సుమారు 164. కావున ఒక్క చుట్టతో పని ముగిసి, పడమటి ప్రక్క అదనముగ కట్టుటకు ఒక ముక్క మిగులును. ఎండలో సగము నాపు వల, అనగా 50 శాతము వలయే తీసికొనవలెను. 75 శాతము వలక్రింద కూరగాయల నారు వెలుతురునకై సాగి, పీలగా పెరిగి, పొలమున నాటినంతనే ఒరిగిపోవును. సూర్యరశ్మికి తట్టుకొనునట్లు తయారుచేసిన వలయేనా అని అడిగి కొనుడు. చౌకకు దొరకు పలుచని వల మొదటి వేసవి దాటకమునుపే పొడియై రాలును.

స్తంభములు పొడవునకు అయిదు, వెడల్పునకు మూడు వరుసలు, మొత్తము 15. రెండున్నర అడుగులు నేలలో దిగవలెను. ప్రక్కవరుసలు నేలపై 8 అడుగులు, నడిమివరుస 9 అడుగులు ఎత్తుండవలెను. కొందరు వల ఖర్చు తగ్గునని ఆరడుగులకే కప్పు వేయుదురు. అది పొరపాటు. కప్పు ఎత్తున నున్నప్పుడే వేడిగాలి మొక్కను వీడి పైకి పోవును. మనిషియు తల వంచక పని చేయగలడు.

స్తంభములకు వెదురే వాడినచో సాధనవెదురు మేలు. అది గుల్ల తక్కువ, బలమెక్కువ. ముదిరిన బొంగునే, వానలు వెనుకబడి చలి మొదలైన తరువాత నరకవలెను; అప్పుడు బొంగులో పిండిపదార్థము తక్కువగ నుండి పురుగు తొలువదు. నరకిన బొంగులను రెండు, మూడు వారములు చెరువులోనో కాలువలోనో నానవేయుట మన వడ్రంగుల పాత అలవాటు. దాని ఫలము కూడ అదియే. నేలలో పాతెడి భాగమునకు, పైన ఒక అడుగు వరకు, తారు పూయవలెను. ఎంత చేసినను మట్టి తగిలిన వెదురు కొద్ది యేండ్లలో చివుకును, చెదలు పట్టును. రాయి దొరకు ప్రాంతములలో ద్రాక్షపందిళ్ళకు పాతెడి రాతి కడీలను స్తంభములుగ పాతి, పైకప్పునకు మాత్రము వెదురు వాడుట ఉత్తమము. మొదటి ఖర్చు కొంత పెరుగును గాని కడీలు మన మనుమల కాలమునకును నిలుచును.

వెదురు విషయమున సభ్యులు ఎరుగదగిన మాట యొకటి. భారత అటవీ చట్టమునకు 2017లో వచ్చిన సవరణతో వెదురు చెట్ల జాబితానుండి తొలగినది. అడవి కాని భూమిలో పెంచిన వెదురును నరకి తరలించుటకు ఆ చట్టము క్రింద అనుమతిపత్రము అక్కరలేదు. చెరువుగట్టు దిగువనో, పంచాయతీ భూమిలోనో ఇప్పుడు పది పొదలు నాటినచో రాబోవు పందిరికి బొంగులు ఊరిలోనే దొరకును.

పైన కర్రలు కట్టిన పిదప మూలస్తంభములనుండి ఇనుపతీగలు ఏటవాలుగ లాగి, నేలలో పాతిన రాళ్ళకు బిగింపవలెను. వలను మేకులతో కొట్టరాదు. నడిమి పట్టీని త్రాళ్ళతో కట్టి, ఇరుప్రక్కల పట్టీలను చాప చుట్టినట్లు చుట్టి పైకి లేపుటకు వీలుగ అమర్చవలెను. దీనికి రెండు ప్రయోజనములు కలవు. మబ్బు పట్టిన దినమున వల చుట్టివేసి నారుకు వెలుతురు నీయవచ్చును. రెండవది గాలివాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళమును తాకినప్పుడు ఏటి కొబ్బరులే కూలినవి. వెదురు పందిరి యెంత? అయితే వల విప్పిన పందిరిలో గాలికి పట్టు దొరకదు. హెచ్చరిక వినిన వెంటనే ఇద్దరు మనుషులు గంటలో వలను దింపగలుగునట్లుండవలెను. కోస్తా గ్రామములవారు కట్టునప్పుడే ఒకసారి దింపి చూచుకొనుట మంచిది.

పందిరిక్రింద మూడున్నర అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు గల నాలుగు మళ్ళు పట్టును. రెండేసి మళ్ళ నడుమ అడుగున్నర దారి, పందిరి మధ్య మూడడుగుల దారి వదలవలెను. మడిని అర అడుగు ఎత్తు చేసినచో నీరు నిలువదు.

నీడవల ఎండనాపును గాని దాని కన్నులు పెద్దవి. తెల్లదోమ యథేచ్ఛగా దూరును. పందిరి మొత్తమునకు పురుగులవల చుట్టినచో ఖర్చు హెచ్చుటయే కాక గాలి ఆడక మరల పాలిథీన్ ఇంటి కథయే వచ్చును. కావున పొదుపైన ఉపాయము వేరు. ఏడడుగుల వెదురుబద్దలను వంచి, మడికి అడ్డముగ నాలుగేసి అడుగులకొక విల్లు గుచ్చవలెను. మడికి పది, మొత్తము నలువది విల్లులు చాలును. వానిపై అంగుళమునకు 40 నుండి 50 కన్నులు గల సన్నని నైలాన్ వలను దోమతెరవలె కప్పి అంచులను మట్టితో ఒత్తవలెను. విత్తినది మొదలు నారు పీకు దినము వరకు ఇది తీయరాదు. నీరు పోయుట కూడ వలపైనుండియే. పెద్దవాన వచ్చు సూచన కనబడినప్పుడు అవే విల్లులపై పాలిథీన్ పట్టా కప్పి, వాన వెలియగానే తీసివేయవలెను. తీయుట మరచినచో మొలక ఉడికిపోవును. వానకు కప్పువారు చాలమంది యుందురు, ఎండ రాగానే తీయువారు కరవు! ఈ పని ఎవరిదో ముందే నిర్ణయింపవలెను.

ఈ వల విషయమున ఎక్కువ ఆశ పెట్టరాదు. తామరపురుగు తెల్లదోమకన్న సన్ననిది. ఆ కన్నులలోనుండి కొంత దూరును. 2021లో ఉభయ తెలుగు రాష్ట్రముల మిరప తోటలపై పడిన నల్ల తామరపురుగు పొలములోని పూతను పట్టి పీడించినది. అట్టిదానికి నారుపందిరి విరుగుడు కాదు. ఆరోగ్యమైన నారును పొలము వరకు చేర్చుటయే దీని పని. ఆపై రక్షణ రైతుది.

పాలిథీన్‌ను మేము ఇంతవరకు నిందించితిమి. దానికి మన వేసవిలో చక్కని ఉపయోగ మొకటి కలదు. ఏప్రిల్, మే మాసములలో మళ్ళను దున్ని, తడిపి, పలుచని తెల్లని పారదర్శక పాలిథీన్‌ను నేలకు అంటుకొనునట్లు పరచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుండి ఆరు వారములు వదలవలెను. ఈ పనికి పైన నీడవల యుండరాదు. ఏ వేడి మొక్కను చంపునో ఆ వేడియే ఇక్కడ తడిమట్టిలోని నారుకుళ్ళు శిలీంధ్రములను, నులిపురుగులను, కలుపుగింజలను చాలవరకు చంపును. నల్ల పాలిథీన్ ఇందులకు పనికిరాదు. అది ఎండను తానే త్రాగి నేలకు తక్కువ విడుచును. తరువాత 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో తేమ ఆరకుండ వారము, పది దినములు మాగనిచ్చి మళ్ళలో చల్లినచో మేలుచేయు శిలీంధ్రము ముందుగా చోటు ఆక్రమించును.

చేతిలో సొమ్మున్నచో మట్టిమడికి బదులు ప్రోట్రేలు కొనవచ్చును. 98 గుంటల ట్రేలో ఒక్కొక్క గుంటకు ఒక గింజ చొప్పున కొబ్బరిపొట్టులో విత్తుదురు. గింజ వృథా కాదు. మొక్కను తీసినప్పుడు వేరు తెగదు. నాటిన వెంటనే తిరుగుకొనును. విత్తిన ట్రేలను పదేసి ఒకదానిపై నొకటి పేర్చి, పాలిథీన్ చుట్టి నీడలో నుంచి, మొలక కనబడగానే విడదీసి మళ్ళపైకి చేర్చవలెను. ఒక పూట ఆలస్యమైనను మొలకలు తెల్లగా సాగిపోవును. మా లెక్క ప్రకారము మడికి 78 ట్రేలు, నాలుగు మళ్ళకు 312 పట్టును. అనగా ముప్పదివేల మొక్కలు. 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు ఎడముగ నాటినచో టమాటోకు ఎకరమునకు సుమారు 15,000 మొక్కలు కావలెను. ఒక విడతలో రెండెకరములకు నారు. టమాటో నారు 25 దినములలో, మిరప 35 నుండి 40 దినములలో నాటుటకు వచ్చును గాన, జూన్ మొదలు సెప్టెంబరు వరకు మూడు, నాలుగు విడతలు తీయవచ్చును. పది, పదునైదుగురు చిన్న రైతులకు ఇది సరిపోవును. ఊరంతటికి చాలదు, ఆ సంగతి గ్రామసభలో ముందే చెప్పుట మేలు.

నీటి మాట. ట్రేకు దినమునకు ఒక లీటరు వేసికొన్నను 312 లీటర్లు, అనగా పెద్ద డ్రమ్ము ఒకటిన్నర. మంచినీటికి కటకటపడు ఊర జూన్ మొదటివారమున ఇదియు పెద్ద మొత్తమే. బావినీరో, బోరునీరో పందిరి చేరువనే యుండవలెను. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామపంచాయతీలు నర్సరీలు ఏర్పరచుకొన్నవి. అచ్చట కంచె, నీరు ఉన్నవి గనుక పందిరిని ఆ ఆవరణలోనే వేయుట సులువు. పడమటి వడగాడ్పు కొట్టు ప్రక్క జొన్నచొప్ప తడికయో, కందికట్టె దడియో కట్టుడు. పందిరి చుట్టు రెండు, మూడు వరుసలు జొన్న విత్తినచో పురుగు రాకడయు తగ్గును. దగ్గరలో పాత టమాటో, వంగ, మిరప తోటలు ఉండరాదు. తెల్లదోమ అక్కడినుండియే వచ్చును. నారు తాకువారు ముందుగ సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పొగాకు నమలిన చేతులనుండి, చుట్ట, బీడీ పట్టిన చేతులనుండి మొజాయిక్ వైరసు టమాటో, మిరప మొక్కలకు అంటును. ఇది చెప్పినప్పుడు పెద్దలు నవ్వుదురు గాని నిజము.

నాటుటకు వారము ముందునుండి నీరు తగ్గించి, ప్రక్కల నీడవల చుట్టివేసి, నారును ఎండకు అలవాటు చేయవలెను. ఈ వారము తప్పినచో అంతవరకు పడిన శ్రమ పొలమున ఒక్క మధ్యాహ్నములో వ్యర్థమగును.

అరకు, లంబసింగి వంటి కొండప్రాంతముల వారికి మాత్రము మేము చెప్పిన క్రమము కొంత మారును. అచ్చట డిసెంబరు, జనవరి రాత్రులలో చలి సున్న దరిదాపులకు పోవును. ఆ నెలలలో సాయంత్రము విల్లులపై పాలిథీన్ కప్పి, ప్రొద్దు ఎక్కగానే తీసినచో మొలక తొందరగా వచ్చును. ఆ ప్రాంతపు గిరిజన గ్రామములకు అడవి వెదురుపై హక్కు విషయమున 2006 అటవీహక్కుల చట్టము తోడ్పడును. అది వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయములలో చేర్చినది.

ఇక పాలన. మళ్ళు నాలుగే, అడుగువారు నలుబదిమంది. మొదటి విడత ఎవరికి అను ప్రశ్న పుట్టును. సర్పంచిగారి బంధువులకు, వార్డు సభ్యుల మిత్రులకు మొదటి రెండు విడతలు పోయి, తక్కినవారికి అదను దాటిన నారు మిగిలినచో మరుసటి సంవత్సరము పందిరిలో కోళ్ళు తిరుగును. తీర్మానమున ఒక హద్దు వ్రాసికొనుడు: రెండెకరముల లోపు రైతులకు ముందు వరుస, ఒకరికి ఒక విడతలో ఇన్ని ట్రేలకు మించరాదు, వరుస చీటీలు గ్రామసభలోనే తీయవలెను. విత్తనము రైతు తెచ్చుకొనవలెను; పెంపకపు కూలి మాత్రము ట్రేకు ఇంత యని పంచాయతీ పెట్టవలెను. నిర్వహణను మహిళా సంఘమునకు అప్పగించిన చోట వారికే ఆ కూలి చెందవలెను. ప్రతి మడి మొదట ఒక పుల్ల పాతి రైతు పేరు, రకము, విత్తిన తేదీ వ్రాసి పెట్టుడు. నారు తారుమారైన తగవు పంట కోతవరకు తెమలదు. ఊరి అవసరము తీరి ఇతరులకు నారు అమ్మదలచినచో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషనుకై 2010లో చేసిన చట్టమొకటి కలదు. ముందుగ ఉద్యాన అధికారిని అడిగి ఆ పని ముగించుకొనవలెను.

ఖర్చులో నగదు ముఖ్యముగ పోవునది నీడవలకు, నైలాన్ వలకు, ట్రేలకు. వెదురు, రాయి, తడిక, చేతిపని ఊరిలోనివి. ఈ సంవత్సరము వలలు, వచ్చు సంవత్సరము ట్రేలు కొన్నను తప్పులేదు, మట్టిమళ్ళతోనే మొదలుపెట్టవచ్చును. వల మాత్రము ముగ్గురు వర్తకుల వద్ద ధర వ్రాయించుకొని, నమూనా ముక్కలు చేత పట్టి చూచి కొనుడు.

సీజను ముగిసిన పిదప వలలను విప్పి, నీటితో కడిగి, నీడన ఆరవేసి, చుట్టి పెట్టవలెను. ఎండలో అక్కరలేక వ్రేలాడిన ప్రతి నెల వాని ఆయుస్సును తగ్గించును. పంచాయతీ కార్యాలయమున మూలన పడవేయక దూలమునకు వ్రేలాడదీయుడు. నైలాన్ వల ఎలుకలకు మిక్కిలి ప్రియము.